బూడిద గుర్రం మేస్తోంది

హాల్వర్ కెమెరా అద్దం మీది మంచు పొరను మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. గీకకూడదు. గీకితే గీత పడుతుంది. ఆ గీత రేపటి నుంచి ప్రతి ఫొటోలోనూ కొండకు పడ్డ కొత్త బీటలా కనిపిస్తుంది. అందుకే నోటి ఆవిరి ఊదుతాడు, పొర కరిగాక ఒత్తుతాడు, మళ్ళీ ఊదుతాడు. అరవై దాటిన మనిషి. వెడల్పాటి భుజాలు. ఫెర్రీ పడవ మీద తాళ్ళు లాగి లాగి వంకరపోయిన వేళ్ళు. ఎడమ చిటికెనవేలు సగమే ఉంది. మిగతా సగాన్ని ఎప్పుడో తాడు తినేసింది.

ఫెర్రీ ఆగిపోయాక ఈ పనిలో చేరాడు. పనల్లా కొండను చూడటమే.

ఎదురుగా సముద్రపు పాయ. పాయకు అవతల బూడిద గుర్రం. కొండ పేరే అది. దాని మెడ దగ్గర ఒక పెద్ద రాతిపలక కొద్దికొద్దిగా జారుతోంది. ఎప్పటికైనా ఊడిపడుతుందని అందరికీ తెలుసు. ఎప్పుడనేదే ఎవరికీ తెలియదు. సరిగ్గా దాని కాళ్ళ దగ్గర నేస్ అనే పల్లె, గుప్పెడు ఇళ్ళు. ప్రతి ఇంట్లోనూ తలుపు పక్కన సర్దిపెట్టిన సంచీ ఉంటుంది. సైరన్ మోగితే సంచీ అందుకుని పరుగెత్తాలి.

అద్దం తుడిచి గదిలోకి వచ్చి, చేతులు పొయ్యి దగ్గర కాచుకుని, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఈ పొద్దుటి ఫొటో వచ్చింది. దాన్ని పాత ఫొటోల కట్ట మీదకు పంపాడు. కంప్యూటర్ ఈ ఒక్క ఫొటోనూ తీసుకుని కట్టలోని ప్రతి ఫొటో మీదా పెడుతుంది. అటు జరుపుతుంది, ఇటు జరుపుతుంది, సరిగ్గా ఎక్కడ అతుక్కుంటుందో చూస్తుంది. అతకడానికి ఎంత జరపాల్సి వచ్చిందో అంతమేర కొండ కదిలినట్టు. ఒక్క ఫొటోతో పోలిస్తే నమ్మలేం. ఎండనీడ మోసం చేస్తుంది, మంచు మోసం చేస్తుంది. కట్ట మొత్తం ఒకే మాట చెబితే మాత్రం నమ్మాలి.

ఈ పొద్దున కట్ట మొత్తం ఒకే మాట చెప్పింది. మెడ జరిగింది, కిందకీ ఎడమకీ.

హాల్వర్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

ఇలా వచ్చినప్పుడు చూడాల్సింది నల్లరాయిని. అది నీళ్ళ అంచున ఉంటుంది, తాతల కాలం నుంచీ కదిలింది లేదు. ఫొటోలో నల్లరాయి కూడా అంతే జరిగి ఉంటే కదిలింది కొండ కాదు, కెమెరా. నల్లరాయి ఉన్నచోటే ఉంటే కొండ వస్తున్నట్టే. కానీ ఇవాళ పాయ మీద పొగమంచు గిన్నెలో పాలలా నిండిపోయింది. కొండ మెడ తేటగా ఉంది, నల్లరాయి లేదు, పల్లె లేదు. గట్టు మీద ఉన్న బాబాయి ఓడ్మున్ ఇంటి పొగగొట్టం ఒక్కటే మంచు పైకి తేలి పొగ వదులుతోంది.

నల్లరాయి కనబడకపోతే ఏం చేయాలో కూడా రూలు ఉంది. సైరన్ మోగించాలి.

పోయిన శీతాకాలం ఇలాగే అయింది. ఇదే పొగమంచు. హాల్వర్ రూలు ప్రకారమే మోగించాడు. అందర్నీ పక్క ఊరి బడిలోని ఆటల హాలుకు తరలించారు. మంచు విడిపోయాక చూస్తే నల్లరాయి కూడా జరిగే ఉంది. కొండ కదల్లేదు, కెమెరా స్తంభమే ఒరిగింది. ఆ హాల్లో మడతమంచం మీద హాల్వర్ పిన్ని బోర్గిల్ పోయింది. జబ్బు ముందే ఉంది. డాక్టరు అదే చెప్పాడు. నువ్వు చేసింది కరెక్టే అన్నారు పైవాళ్ళు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడు బాబాయి ఓడ్మున్ వంతు వచ్చింది. నిన్న హాల్వర్ పడవ వేసుకుని వెళ్ళి చూసొచ్చాడు. ఫెర్రీ మీద తాడు విసరడం నేర్పిన మనిషి, దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియనంతగా అయిపోయాడు.

"ఏరా, గుర్రం కాపరీ. పడుతుందా, పడదా?"

"పడదులే బాబాయ్."

"పడితే పడనీ. దాని కింద పుట్టాను. నీ మీద నాకు కోపం లేదురా. మీ పిన్ని సంగతిలో నీ తప్పేం లేదు." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "నన్ను మాత్రం కదపకు. ఆ ఆటల హాల్లో చెమట కంపు. నా కిటికీ నాకు ఉండనీ."

హాల్వర్ తలూపాడు. మాట ఇచ్చినట్టా, ఊరికే ఊపినట్టా? రాత్రంతా అదే ఆలోచించాడు.

ఫోన్ మోగింది. పట్నం ఆఫీసులో డ్యూటీ మీదున్న రాగ్నా. రోజూ అడిగేదే అడిగింది.

"హాల్వర్ గారూ, గుర్రం ఎలా ఉంది? మేస్తోందా, ఎగురుతోందా?"

మేస్తోంది అంటే అంతా బాగున్నట్టు. ఎప్పుడో సరదాకి మొదలైన మాట, ఇప్పుడు అదే రిపోర్టు.

హాల్వర్ కిటికీలోంచి ఆ ఒక్క పొగగొట్టం వంక చూశాడు.

"మేస్తోందమ్మా."

"దానికేం, పనీపాటా లేదు. మనకే ఆదివారం డ్యూటీ. ఉంటా మరి."

ఫోన్ పెట్టేశాక తన నోట వచ్చిన మాట గదిలో అలాగే ఉండిపోయింది.

కాసేపే అనుకున్నాడు. ఎండ పడితే మంచు విడుతుంది. ఇంకో ఫొటో వచ్చింది. మెడ అక్కడే ఉంది, పొద్దుటికి మించి జారలేదు. నల్లరాయి కనబడలేదు. అట్టపెట్టెలోంచి రొట్టె, గోధుమరంగు జున్ను ముక్క తీశాడు. మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు. తలుపు తెరిచి బయట నిలబడ్డాడు.

అప్పుడు వినిపించింది. నీళ్ళ మీద శబ్దం దూరం పోతుంది. పొగమంచు లోపల ఎక్కడో పిల్లలు. నేస్‌లో ఉండే మారిట్ పిల్లలు, కొండ కిందే. మంచు మీద జారే బండి ఎక్కి కేకలు. "నా వంతు! నువ్వు ఇందాకే ఎక్కావు!" తర్వాత వాళ్ళ అమ్మ గొంతు: "టోపీ ఏదిరా? చెవులు ఊడిపోతే నేను అతికించను!"

హాల్వర్ గుమ్మం పట్టుకున్నాడు.

మారిట్‌కి ఒక్క ఫోన్ చేస్తే? ఎందుకని అడుగుతుంది. చెబితే పల్లె అంతా లేస్తుంది, బాబాయి మంచంతో సహా. చెప్పకపోతే రాదు. జేబులోంచి ఫోన్ తీశాడు. మారిట్ పేరు దాకా వెళ్ళాడు. మళ్ళీ జేబులో పెట్టాడు. ఒక ముసలాయన కిటికీ కోసం ఇద్దరు పిల్లల్ని పణం పెట్టాడు. అది తనకు తెలుసు. తెలిసే నిలబడ్డాడు. సైరన్ మీట గోడకు ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో. పిల్లలు నవ్వినప్పుడల్లా చెయ్యి లేచింది. పొగగొట్టం కనబడినప్పుడల్లా దిగింది.

మధ్యాహ్నం దాటాక మంచు విడిపోయింది. మొదట పడవల తెరచాప కర్రలు, తర్వాత ఇళ్ళు, ఆఖరున నల్లరాయి. హాల్వర్ వచ్చిన ఫొటోను కట్ట మీదకు పంపాడు.

నల్లరాయి జరిగింది. కిందకీ ఎడమకీ. సరిగ్గా మెడ జరిగినంతే.

కెమెరాయే.

బయటికి వెళ్ళి స్తంభం మొదలు చూశాడు. గడ్డకట్టిన నేల పొంగి, ఒక పక్కన దిమ్మెను పైకెత్తింది. అరచెయ్యి పట్టేంత పగులు. పొద్దున అక్కడే నిలబడి అద్దం తుడిచాడు. కిందకు చూడలేదు.

ఊపిరి తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. కొండ పడలేదు, అంతే. పడకపోవడంలో తన ప్రమేయం ఏమీ లేదు.

అప్పుడే సినోవె ఫోన్ చేసింది, ఓడ్మున్ కూతురు.

"అన్నయ్యా, నాన్న పోయాడు. మంచు విడిపోతుంటే కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఏమీ అనలేదు."

"వస్తున్నానమ్మా."

బయల్దేరే ముందు రాగ్నాకి ఫోన్ చేశాడు.

"పొద్దున మేస్తోందన్నాను. నాకు తెలీదు. నల్లరాయి కనబడలేదు. మోగించలేదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు తెలుసు. స్తంభం ఒరిగింది."

"అయితే సరే కదండీ. ఏం కాలేదుగా."

"ఏం కాలేదు. రేపటి నుంచి ఇంకొకర్ని చూసుకోండి."

"హాల్వర్ గారూ, మీరు కాకపోతే ఎవరు చూస్తారు దాన్ని?"

"కిందకు కూడా చూసేవాళ్ళు," అని పెట్టేశాడు.

పడవ వేసుకుని పాయ దాటాడు. ఓడ్మున్ ఇంటి మెట్ల దగ్గర మారిట్ ఎదురొచ్చింది, గుడ్డ కప్పిన వాఫుల్స్, తీపి అట్ల పళ్ళెంతో. వెనకాల పిల్లలు, ఎర్రబడ్డ బుగ్గలతో.

"అదృష్టవంతుడు, తన మంచం మీదే పోయాడు," అంది మెల్లగా. "ఇవాళ నీ గుర్రం బుద్ధిగా ఉందిలే పెద్దాయనా."

చిన్నది హాల్వర్ సగం వేలు పట్టుకుని ఊపింది. ఎప్పుడూ అలాగే ఊపుతుంది. హాల్వర్ వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆ పిల్ల మొహం వంక చూడలేకపోయాడు.

లోపల సినోవె తండ్రికి బట్టలు మారుస్తోంది. "మంచి చొక్కా సంచీలోనే సర్దుకున్నాడు అన్నయ్యా, అందుకో," అంది. హాల్వర్ తలుపు దగ్గర వంగి బాబాయి సంచీ విప్పాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తీసిచ్చాడు.

"ఇవాళ నువ్వు సైరన్ మోగించలేదు చూడు, నాన్నకి అదే చాలు," అంది సినోవె.

బయట పిల్లలు మళ్ళీ బండి ఎక్కినట్టున్నారు, కేకలు వినిపించాయి.

ఖాళీ అయిన బాబాయి సంచీని సినోవె మడిచి అలమరలో పెట్టేసింది. తలుపు పక్కన పిన్ని సంచీ ఒక్కటే మిగిలింది, పోయిన శీతాకాలం తిరిగొచ్చిన నాటి నుంచీ ఎవరూ విప్పనిది. దాని పట్టీకి ఆటల హాల్లో కట్టిన మంచం నంబరు చీటీ ఇంకా వేలాడుతోంది.