బొమ్మలోని మెట్లు

"ఆ మెట్లు లేవే," అన్నాడు మా ఆయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

అధికారి వచ్చే వేళయింది. వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి మా ఆయన కోసమే ఎదురు చూస్తోంది. "ఏ మెట్లు?" అన్నాను, తెలిసి కూడా.

"నా బొమ్మలోవి. రెండిళ్ల మధ్య నుంచి ఏట్లోకి దిగేవి. ఆ మూల బోసిగా ఉందని నేనే పెట్టాను."

ఆ బొమ్మ ఆయన వేసింది ముప్పై ఏళ్ల కిందట, పుట్టిన ఊరికి దూరంగా, కిటికీ కూడా సరిగా లేని అద్దె గదిలో. ఆయనకు పేరు తెచ్చిందీ, మాకు కూడు పెట్టిందీ అదే. అందులో మెట్లు కాస్త పక్కకు ఒరిగి కనిపిస్తాయి. బొమ్మల సంగతి తెలిసిన వాళ్లు దాన్ని శైలి అన్నారు. నేనైతే చెయ్యి వణికిందనుకున్నాను.

దాని నకలు లేని ఇల్లు ఈ వీధిలో లేదు. ఇప్పుడు వీధి చివర గోదాము కట్టిన ఆసామి ఎవరూ ఏటికి పోకుండా అడ్డంగా గోడ లేపాడు. పడవల మీద బతికేవాళ్లు వలలు మోసుకుని ఊరంతా చుట్టి వెళ్తున్నారు. పూర్వం అక్కడ దారి ఉన్నట్టు రుజువు చూపిస్తే గోడ తీయిస్తానన్నాడు అధికారి. మా ఆయన చంటిపిల్లాడిగా ఉన్నప్పుడొచ్చిన వరద గట్టునంతా మట్టితో కప్పేసింది. అంతకు ముందు సంగతి చెప్పగలిగిన వాళ్లు ఒక్కరూ మిగల్లేదు. మిగిలింది బొమ్మే.

"ఇన్నాళ్లూ బెల్లం కొట్టిన రాయిలా ఉండి, ఇప్పుడా చెప్పడం?"

"నన్నెవరూ అడగలేదు. వాళ్లే అనుకున్నారు."

"అయితే అనుకోనివ్వండి. ఉన్నాయి అనండి, చాలు. ఒక్క మాటకి ఇన్ని పొయ్యిలు వెలుగుతాయి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. నా భయం అదే. చుట్టాలింట్లో కూర బాగుందని చెప్పడం కూడా రాని మనిషి.

గోడ దగ్గర అధికారి బొమ్మ నకలు పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే గోదాము ఆసామి. అందరికన్నా ముందు మా చిన్నత్తగారు. వరద వచ్చిన మరుసటేడే ఆవిడ ఈ ఇంటికి చిన్నకోడలిగా వచ్చింది. తల్లి పోయాక మా ఆయన్ని పెంచిందీ ఆవిడే.

"మీరు కళ్లతో చూసిందే వేశారా? ఈ మెట్లు కూడా?" అని అడిగాడు అధికారి.

వెనక నుంచి చొక్కా పట్టి లాగాను.

"చూడలేదండీ. మెట్లు నా కల్పన."

"మన ఊరి బొమ్మలేసి పేరు తెచ్చుకున్నాడు, మనల్నే నిలువునా ముంచాడు," అన్నాడొక పడవవాడు. నాకు ఒళ్లు మండింది. కాదనడానికి మాత్రం నోరు రాలేదు. అధికారి బొమ్మ చుట్టేశాడు.

"ఆగు బాబూ," అంది చిన్నత్తగారు. "వీడి మాట నమ్మకు."

"ఆయనే చెబుతున్నాడు కదమ్మా!"

"వీడికి కల్పనెక్కడిది? చిన్నప్పుడు కుండ పగలగొట్టి పిల్లి మీదకు తోయడం కూడా చేతకాలేదు. లేనిది పుట్టించే తెలివే ఉంటే ఇన్నేళ్లూ ఈ వీధినే వేస్తూ కూర్చుంటాడా? తవ్వండిరా!"

ఆసామి అడ్డం రాబోయాడు. "గోడకు ఇవతలంతా వీధి నేలే కదా, తవ్వనివ్వండి," అన్నాడు అధికారి.

మోకాలి లోతు తవ్వారు, నడుం లోతు తవ్వారు. మట్టి తప్ప ఏమీ లేదు. అధికారి తన బండి వైపు చూడసాగాడు. "లేవు పిన్నీ, ఊరుకో," అన్నాడు మా ఆయన. ఆ గొంతులో బతిమాలుకోవడం వినబడి నాకప్పుడు అర్థమైంది. బొమ్మలో మిగతాదంతా ఊరిది. ఆ మెట్లొక్కటే తనవని ఆయన నమ్మకం. అవి దొరక్కూడదని ఆయన కోరుకుంటున్నాడు.

గునపం ఖంగుమంది.

ఒక మెట్టు. దాని కింద ఇంకొకటి. మూడోది ఎడమ మూల విరిగి ఉంది. అధికారి బొమ్మ విప్పి చూశాడు. అందులోనూ మూడోదే, ఆ మూలే.

"అక్కడ వెలుగు పడాలని విరిచాను," అన్నాడు మా ఆయన, ఎవరూ అడక్కుండానే.

ఆసామి మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. వీధి ఒక్కసారిగా గోల పెట్టింది. ఇందాక తిట్టిన పడవవాడే వచ్చి మా ఆయన్ని కావలించుకున్నాడు. ఆయన మాత్రం నా వైపు తిరిగి, "మరి అందులో నాదంటూ ఏముందే?" అన్నాడు.

చిన్నత్తగారు బొమ్మను చేత్తో దూరంగా పట్టుకుని చూసింది.

"మీ అమ్మకి కుడి చంకలో ఎప్పుడూ నీళ్ల బిందేరా. నిన్ను ఎడమ చంకనేసుకునేది. బిందె బరువుకు అటు పక్కకి ఒరిగి నడిచేది, పాపం. నేను వచ్చాక కూడా నువ్వు ఆ చంక దిగేవాడివి కాదు."

మా ఆయన గుంట అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు. తల కుడి పక్కకి వాల్చి మెట్ల వైపు చూశాడు. నేనూ పక్కన కూర్చుని అలాగే చూశాను. బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి.

"అమ్మ దిగుతోందే," అన్నాడు. అందరి ముందూ భోరుమన్నాడు.