బండిలనే పోయింది

నా కారుకు హారన్ స్టీరింగ్ నడుమ ఉండది. ఇండికేటర్ పుల్ల కొసకు ఒత్తాలె. కొత్తోడెవడన్న నడిపితే స్టీరింగ్ మీద గుద్దుతనే ఉంటడు, అది పలకది. అద్దాలు దించే బటన్లు తలుపులకు కాకుండ రెండు సీట్ల నడుమ ఉంటయి. ఫ్రాన్సోళ్ళ బండి. వాళ్ళ తరీక వాళ్ళది.

నేను డ్రైవర్‌గ చేసిన ఫ్యాక్టరీ మూతబడ్డప్పుడు అండ్ల సామానంత అమ్మిన్రు. ఇన్నేండ్లు నడిపిన బండే గదా అని అగ్గువకొస్తే తీస్కున్న. అప్పటికే అది ముసల్ది. కొత్త సామాను దొరకది, పాత బండ్లల్లకెల్లి ఊడదీసుడే. మలక్‌పేట కాడ ఖాజా భాయ్ అని మెకానిక్ ఉంటడు, ఆయన తప్ప ఎవ్వరు ముట్టరు. మొదటిసారి బానెట్ లేపి చూసినప్పుడే చెప్పిండు.

"దుర్గయ్య భాయ్, దీన్ని ఒక్క దినం గూడ కూసోబెట్టకు. నడుస్తున్నంత సేపు నడుస్తది. కూసున్నదంటే మళ్ళ లేవది."

నేను కూసోబెట్టలేదు. పొద్దున మా ఉప్పుగూడ గల్లీల పిల్లల్ని ఎక్కించుకొని మలక్‌పేట బడిల దించేది, మాపటికి తెచ్చేది. మా ఇల్లు దాని మీదనే నడిచింది. నీలమ్మ మిషన్ కుడితే వచ్చేది కూరగాయలకు సరిపోయేది. వెనక సీట్ల కళావతి పిల్లలిద్దరు, డానియేలు బిడ్డ స్వీటీ, ఇంక ఇద్దరు ముగ్గురు ఒకరి మీద ఒకరు. ముంగట మాత్రం పూజారి రామానుజం అయ్యగారి మనుమరాలు మేధ. వెనక కూసుంటే ఆ పిల్ల కక్కుతది. ముంగటి సీటు బెల్టు కొంచెం మొరాయిస్తది. బొటనవేలు గట్టిగ ఒత్తి గుంజాలె. పిల్ల చేతుల అంత బలమేడిది, నేనే పెడ్త, నేనే తీస్త.

ఆ దినం పిల్లల్ని దించి వచ్చి బండి నిలబెడుతున్న. అయ్యగారు గేటు కాడికెల్లి చెయ్యూపిండు. ఆయన కైలాసం ఇంట్ల కింది పోర్షన్‌ల కిరాయికుంటడు. కైలాసం పైన ఉంటడు. ఇద్దరికి ఒక్కటే గేటు.

లోపటికి పోయిన. అయ్యగారి తల్లి మంచం మీద పండుకొని ఉంది. అయ్యగారి ఇంటామె రమాబాయమ్మ తులసి నీళ్ళు పోస్తుంటే అవి నోటికెల్లి చెంప మీదికి, చెంప మీదికెల్లి దిండు మీదికి జారుతున్నయి. పోసుడు మాత్రం ఆపలేదు. నేను ముసలమ్మ పాదం ముట్టి చూసిన. మా ఊర్ల మా నాయనది గూడ గట్లనే ముట్టి చూసిన. తెలుస్తది.

అయ్యగారు పంచాంగం మూసి గూట్ల పెట్టిండు.

"ధనిష్ఠ," అన్నడు.

నాకు ఎరుకే. ఆ నచ్చత్రంల పానం పోతే ఆ ఇల్లు ఆర్నెల్లు ఇడిచిపెడ్తరు. మా ఊర్ల ఒక ఇంటికి గిట్లనే తలుపుకు ముండ్ల కంప అడ్డం కొట్టిన్రు, చిన్నప్పుడు బడికి పోతుంటే ఆ ఇంటి ముంగట ఉరికేటోళ్ళం. సొంతిల్లయితే చుట్టాల కాడికి పోయి తలదాచుకుంటరు. కిరాయిల్లయితే? పైన ఉన్న కైలాసం గూడ ఖాళీ చెయ్యాలె. ఆయన ఊకుంటడా? ఆ ఇంట్లకెల్లి ఎళ్ళగొట్టినోళ్ళకు ఇంకో ఇల్లు ఎవరిస్తరు?

"ఆసుపత్రికి తీసుకెళ్దాం దుర్గయ్యా," అన్నడు అయ్యగారు.

"అయ్యగారూ, అమ్మగారు..."

"ప్రాణం ఉంది." నా మొఖం దిక్కే చూసుకుంట అన్నడు. "ఉందనుకో."

నేను కాళ్ళు పట్టుకున్న, ఆయన చంకల కింద పట్టుకున్నడు. రమాబాయమ్మ తల మీద కొంగు కప్పి, "కొద్దిగా ఓర్చుకోండి అత్తయ్యా," అనుకుంట వెనక నడిచింది. పైనకెల్లి కైలాసం తొంగి చూసిండు.

"ఎట్లుంది అయ్యగారూ అమ్మకు?"

"ఆయాసం ఎక్కువైంది కైలాసం."

ముంగటి సీట్ల కూసోబెట్టి, సీటు కొంచెం వెనకకు వాల్చి బెల్టు పెట్టిన. లేకుంటే పడిపోతది. లాక్ టక్కుమన్నది. నయాపూల్ కాడ జామ్‌ల ఆగితే పక్క ఆటోల మనిషి చూసి, "అమ్మీ కో హవా లగ్‌నే దో భాయ్, షీషా నీచే కరో," అన్నడు. నడుమ బటన్ ఒత్తి అద్దం దించిన. గాలికి ముసలమ్మ నెత్తి మీది కొంగు జారింది. అయ్యగారు వెనకకెల్లి చెయ్యి సాపి మళ్ళ కప్పిండు.

పెద్ద దవాఖానల డాక్టరమ్మ చూసి, తెచ్చేటప్పటికే పోయింది అన్నది. అయ్యగారు బయటికొచ్చి కైలాసంకు ఫోన్ చేసిండు. "నయాపూల్ దగ్గర. బండిలనే పోయింది." ఫోన్ పెట్టేసి నా రెండు చేతులు పట్టుకున్నడు. గుళ్ళె నాకు తీర్థం పోసేటప్పుడు గూడ ఆ మనిషి చెయ్యి తగలనియ్యడు.

"ఎవరైనా అడిగితే అంతే చెప్పాలి దుర్గయ్యా."

నేను తల ఊపిన. ఇంటికి గదా తగిలేది, బండికేం తగుల్తది అనుకున్న. మా ఊర్ల ఆ దినాలల్ల ఎవ్వనికి కారు లేకుండె. అందుకే నాకు ఎరుక లేదు.

పిల్లల్ని ఎక్కించుకుందామని మర్నాడు పొద్దున పోతే కళావతి గుమ్మంలనే నిలబడ్డది.

"అన్నా, పిల్లలు రారు ఇగ."

"ఎందుకమ్మా?"

"ఎందుకంటే ఏం జెప్పాలె? ధనిష్ఠ పంచకంల పోయిందంట గద ముసలమ్మ నీ బండిల. ఇల్లయితే ఇడిచిపెడ్తరు."

"అది ఇల్లు గదమ్మా. బండికేడిది గడప?"

"కప్పు లేదా? తలుపులు లేవా? మా ఇంటికన్న ఒక్కటే తలుపు. దానికి నాలుగున్నయి."

పక్కింటి ఆడోళ్ళు నవ్విన్రు. నవ్వినోళ్ళ పిల్లలు గూడ ఎక్కలేదు. మిగిలింది స్వీటీ, మేధ. మేధకు పరీక్షలుండె, మైలల గూడ బడి మాన్పియ్యలేదు. డానియేలు బిడ్డను ఎక్కిస్తూ, "మాకు నచ్చత్రాలు లేవన్నా, ఫికర్ జేయకు," అన్నడు.

ఇంటికొస్తే నీలమ్మ బండి మీద పసుపు నీళ్ళు చల్లి చేతులు కడుక్కుంటున్నది.

"నిజం జెప్పు. బండిలనే పోయిందా?"

"ఆఁ."

నా మొఖం చూసింది. ఇంక అడగలేదు. "గా పూజారి మనుమరాలు ఎక్కుతుంది గద, గదే ధైర్నం. ఆమెను చూసి అందరు మళ్ళొస్తరు తియ్," అన్నది. నేను గూడ అదే అనుకున్న. ఇద్దరు పిల్లల్ని పెట్టుకొని అంత బండిని నడిపిన. డీజిల్‌కు గూడ ఎళ్ళకపోతుండె. ఎట్లన్న బండి నడుస్తే చాలు, మంది మర్చిపోతరు అనుకున్న.

కర్మలు అయిపోయినయి. ఒకనాడు పొద్దున అయ్యగారే వచ్చి కిటికీ కాడ నిలబడ్డడు. పిల్ల చెయ్యి పట్టుకొని లేడు.

"మేధ రాదు దుర్గయ్యా ఇక నుంచి."

"అయ్యగారూ, మీకు తెల్వదా?"

"తెలుసు." అటు ఇటు చూసిండు. "తెలుసు కాబట్టే. నిన్న కైలాసం నవ్వుకుంటూ అడిగాడు. డానియేలు బిడ్డ సంగతి వేరు, అందరి పిల్లలూ దిగిపోయారు, మీ పిల్ల ఒక్కతి ఎట్ల ఎక్కుతుంది, మీకు భయం లేదా అయ్యగారూ అని. మేం భయపడకపోతే వాడికి తెలిసిపోతుంది."

ఆయన పోయినంక డానియేలు వచ్చి నెత్తి గోక్కున్నడు. "పూజారే పంపుతలేడంటే ఏదో ఉంటది గదన్నా. మా ఇంటామె లొల్లి పెడ్తున్నది." స్వీటీ సంచి ఇంక నా వెనక సీట్లనే ఉంటే తీసుకొని పోయిండు.

బండి కూసున్నది.

పొద్దున్నే చాబీ పెట్టి ఊకె స్టార్ట్ చేసి, చల్లబడకుండ కొద్దిసేపు ఉంచేది. దానికి గూడ పడనియ్యలేదు. కళావతి పెనిమిటి వచ్చి, "ఇడిచిపెట్టిన ఇల్లు రోజు తెరుస్తరా అన్నా? మా పిల్లలు ఈడనే ఆడుకుంటరు," అన్నడు. గట్టిగ అనలేదు, బతిమిలాడినట్టె అన్నడు. మర్నాడు చూస్తే బానెట్ మీద తుమ్మ కంప పెట్టి ఉంది. ఉప్పుగూడ స్టేషన్ పట్టాల పొంట ఉంటయి ఆ తుమ్మలు. ఎవరో పోయి కొట్టుకొచ్చిన్రు. నేను తీసేసిన. మళ్ళ పెట్టిన్రు.

టైర్ల గాలి దిగింది. బ్యాటరీ పోయింది. నీలమ్మ మిషన్ చప్పుడు పొద్దందాక ఆగకుండ ఇనబడుతుండె. నాకు డ్రైవర్ పని ఎవరిస్తరు ఈ వయసుల? అడిగిన కాడల్ల నా తెల్లబడ్డ మీసం దిక్కు చూసి నవ్విన్రు.

ఇగ చెప్పేస్త అనుకొని ఒకనాడు పొద్దుగూకే యాళ్ళకు అయ్యగారి ఇంటికి పోయిన. ముందు ఆయనకు చెప్పి, తర్వాత కైలాసం తలుపు కొడ్త అనుకున్న. అయ్యగారు గుడికి పోయిండు. రమాబాయమ్మ నన్ను చూడంగనే పొయ్యి కాడకెల్లి లేచింది. ఎందుకొచ్చిననో ఆమెకు ఎరుకైంది.

ముసలమ్మ మంచం ఆడనే ఉంది. దాని మీద మేధ బోర్ల పండుకొని హోంవర్క్ రాస్తున్నది. ముసలమ్మ నీళ్ళు జారిన ఆ దిండునే రొమ్ము కింద పెట్టుకుంది.

"తాతా, బండి ఎప్పుడు బాగవుతది? ఆటోల నాకు కక్కొస్తుంది. రోజూ వస్తుంది."

"అవుతది బిడ్డా."

రమాబాయమ్మ గ్లాసుతోని నీళ్ళు తెచ్చింది. "చెప్తావా దుర్గయ్యా?" అని మెల్లగ అడిగింది. మా మీద పై అంతస్తుల కైలాసం చెప్పుల చప్పుడు ఈ గోడ కాడికెల్లి ఆ గోడ కాడికి పోయింది. మేధ పెన్సిల్ చెక్కుకుంటున్నది.

నేను నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టిన. ఇంటికొచ్చి ఖాజా భాయ్‌కు ఫోన్ చేసిన.

ఆయన గుంజుకపోయే బండి తెచ్చిండు. బానెట్ లేపి చూసి, నా దిక్కు చూసిండు.

"ఇంజన్ ఠీక్‌గనే ఉంది గద భాయ్. బ్యాటరీ ఒక్కటి ఎయ్యరాదు? తుక్కుకు ఎందుకిస్తున్నవ్? ఏమైంది?"

కళావతి గుమ్మంల నిలబడి చూస్తున్నది. నిజం చెప్పదల్చుకుంటే చెప్పేటందుకు నాకు అదొక్కటే జాగ మిగిలింది. ఖాజా భాయ్ మా గల్లీ మనిషి కాదు, మా పంచాంగం ఆయనకు పట్టది.

"ముసలమ్మ పోయింది దీంట్ల," అన్న. "ముంగటి సీట్ల. నయాపూల్ కాడ."

సీటుతోని, జాగతోని చెప్పిన. ఆగలేదు, తడుముకోలేదు.

ఖాజా భాయ్ వాళ్ళ మాటల ఏదో సన్నగ చదువుకున్నడు. ముంగటి తలుపు తెరిచి సీటు మీద చెయ్యి పెట్టబోయి తీసుకున్నడు. బెల్టు లాక్ కాడ మేధ అంటించిన పువ్వు బొమ్మ స్టిక్కర్ సగం ఊడి ఉంది.

"కడమ సామానంత పనికొస్తది," అన్నడు. "ఈ సీటు మాత్రం ఎవ్వలకు అమ్మను భాయ్. కాలబెడ్త."

"సరే," అన్న.