నలభై తొమ్మిదికి నరకాలి

నూకరత్నం ట్రైనింగులో చేరిన రోజు గేటు దగ్గర ఆమెకు ఐడీ కార్డుతో పాటు ఒక గొడ్డలి ఇస్తారు. రెండింటికీ ఒకే సంతకం. కార్డు మెడలో వేసుకుంటుంది. గొడ్డలి ఎడమ చేత్తో పట్టుకుంటుంది, కుడి చేతిలో క్యారేజీ ఉంది కనుక.

ఈ కరెంటు కేంద్రంలో ఆమె చేయవలసిన పనిని కాలేజీవాళ్లు ఒక్క ముక్కలో రాసిచ్చారు. పొగలో ఎంత దుమ్ముందో చెప్పే రోజువారీ రిపోర్టు మనిషి చెయ్యి పడకుండా తయారవ్వాలి. గడువు ఆరు వారాలు. చివర్లో ఇంజినీరు బెహరా గారు సర్టిఫికెట్టు మీద సంతకం పెడితే డిగ్రీ. పెట్టకపోతే నాలుగేళ్ల చదువు నీళ్లపాలు.

ఆ దుమ్ము రీడింగు ఉదయం ఏడింటికి వస్తుంది. పొగగొట్టం అడుగున మోకాలెత్తు తలుపొకటి ఉంది. అందులోంచి వంగి బయటికొస్తుంది. దూడంత ఉంటుంది, బూడిద రంగు, నాలుగు గిట్టలు. ఎవరూ అదిలించకుండానే కాటా ఎక్కి నిలబడి తన అంకె చెబుతుంది.

"డెబ్భై ఎనిమిది," అంటుంది మొదటి రోజు.

రిపోర్టులో యాభై దాటకూడదు. షిఫ్టు కెమిస్టు సన్యాసయ్య చొక్కా చేతులు మడిచి, దానికో దణ్ణం పెట్టి, వెనక తొడ మీద మొదటి వేటు వేస్తాడు. అది పారిపోదు, అరవదు. తెగినకొద్దీ మిగిలింది ఎంతో చెబుతుంది. "డెబ్భై ఒకటి. అరవై ఆరు." చెబుతుంటే గొంతు సన్నబడుతుంది. "నలభై తొమ్మిది" అనగానే అతను గొడ్డలి దించి రిజిస్టరులో రాసుకుంటాడు. తెగిన ముక్కలు నేలకు తగలగానే దుమ్మై గాలిలో కలిసిపోతాయి. ఊడ్చే పని కూడా ఉండదు.

"యాభై దాకా ఉండనివ్వొచ్చు కదా బాబాయ్?"

"యాబై అంటే ఎవడికైనా అనుమానమొస్తాదే గుంటా. నలబై తొమ్మిదంటే నిజం లాగుంటాది."

ఇరవై రెండేళ్లుగా అతను నరుకుతున్నాడు. మధ్యాహ్నం అదే చేత్తో తన క్యారేజీలోని ఎండుచేపల ఇగురు సగం ఆమె అన్నంలో వేస్తాడు. వద్దంటే అలుగుతాడు.

నూకరత్నం మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. రెండు వారాలు చూస్తుంది. ఏ వేటుకు ఎంత తగ్గుతుందో నోటుపుస్తకంలో రాసుకుంటుంది. మూడో వారం కాటా పైన ఇనుప చెయ్యి బిగించి, దానికి కత్తి తొడిగి, కంప్యూటరులో ఒక వాక్యం రాస్తుంది: కాటా మీద ఉన్నది నలభై తొమ్మిది దాటితే నలభై తొమ్మిదికి నరకాలి.

ఏది ఉంటే నరకాలో రాయదు. ఇన్నేళ్లూ ఆ కాటా ఎక్కింది రీడింగు ఒక్కటే. ఆ సంగతి సన్యాసయ్య చేతులకు తెలుసు గనుక ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు.

ప్రారంభం రోజున బెహరా గారు కొబ్బరికాయ కొడతారు. కత్తికి కుంకుమ పెట్టాలంటే చెయ్యి అందదు. కాటా మీదికి ఎక్కుతారు.

"ఎనభై ఆరు," అంటారు బెహరా గారు, తమ ప్రమేయం లేకుండానే.

ఇనుప చెయ్యి తిరుగుతుంది. ఎడమ చెయ్యి భుజం దాకా పోతుంది. "ఎనభై ఒకటి," అంటారాయన. పొట్ట అడ్డంగా సగం పోతుంది. "అరవై ఎనిమిది." తర్వాత రెండు కాళ్లూ, ఒకటి మొత్తం, ఒకటి ముప్పాతిక. నెత్తురు కూడా బూడిద రంగులోనే ఉంది. "నలభై తొమ్మిది" అన్నాక కత్తి ఆగుతుంది. ఆయన్ను ఎత్తి కుర్చీలో కూర్చోబెడతారు.

"బాగుంది," అంటారాయన మిగిలిన చేత్తో గడ్డం తుడుచుకుంటూ. "ఇంత ఒళ్లు తేలిగ్గా ఉండి ఎన్నాళ్లయిందో. రేపటినుంచి అందరి హాజరూ దీనిమీదే."

మర్నాడు కాటా ముందు వరస కడతారు. ఎవరూ గొణగరు. హద్దులో ఉండటం మర్యాద. క్యాంటీను గున్నమ్మ కాటా ఎక్కి "నలభై ఏడు" అంటుంది, కత్తి కదలదు. "బక్కపీనుగు, బక్కపీనుగు అని ఎక్కిరించీవోరు కదరా! ఇప్పుడు నవ్వండి," అంటూ దిగిపోతుంది. వెనకాల ఫిట్టరు రెండు తొడలూ పోగొట్టుకుని, చేతుల మీద నడుస్తూ టీ తాగడానికి వెళతాడు. డ్రైవరు దగ్గర కత్తి మెడ దాకా వస్తుంది. తల తీస్తే నలభై తొమ్మిది కన్నా తగ్గిపోతుందని ఆగుతుంది.

చివర్లో సన్యాసయ్య ఉన్నాడు. అతను అరవై రెండు. పదమూడు ఎక్కడ తీయించుకోవాలా అని ఒళ్లంతా తడుముకుంటున్నాడు.

"రెండు సేతులూ ఇచ్చేత్తానమ్మా. నరికే పని నీ మిసనే సేత్తంది కదా. మిగతాదానికి ఓ కాలు. మోపెడ్డు మీదెల్లడానికి ఒకటి సాల్దేటి?"

"చాలదు బాబాయ్," అంటుంది నూకరత్నం. నోటితో కాదు, కంప్యూటరు వైపు నడుస్తూ.

బెహరా గారికి మిగిలిన కాస్త ఒళ్లో ఆమె సర్టిఫికెట్టు ఉంది. కలం మూత తీసి ఉంది.

"ఆ వాక్యం ముట్టుకుంటే సంతకం లేదమ్మా. ఆలోచించుకో."

సన్యాసయ్య కాటా ఎక్కుతాడు. "అరవై రెండు." కత్తి అతని చెవి తీసుకుని భుజం మీదికి దిగుతుంది. నూకరత్నం ఆలోచించుకోదు. వాక్యంలో రెండు నలభై తొమ్మిదులూ కొట్టేసి, ఆ చోట, ఎంత ఉంటే అంత, అని రాస్తుంది. కత్తి చొక్కాను చీల్చి, చర్మం మీద ఎర్రటి గీత గీసి, ఆగుతుంది.

బెహరా గారు సర్టిఫికెట్టును నోట్లో పెట్టుకుని శ్రద్ధగా నమిలి మింగేస్తారు. సగం పొట్టలో అది ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు.

అప్పుడే మోకాలెత్తు తలుపు తెరుచుకుంటుంది. ఈసారి రీడింగు పట్టదు. గోడ పగలగొట్టుకుని వస్తుంది. కాటా ఎక్కి "నూట నాలుగు" అంటుంది. కాటా కూడా అదే చెబుతుంది. అది కాసేపు నిలబడి ఎదురుచూస్తుంది. ఎవరూ నరకరు. తెగకుండా మిగిలిపోయిన దాన్ని ఏం చేయాలో ఇక్కడెవరికీ తెలియదు, దానికీ తెలియదు. గేటు వైపు నడుస్తుంది.

గేటు పాసేదని సెక్యూరిటీ అతను అడ్డం నిలబడతాడు. అది తల వంచి అతన్ని గేటుకు అదుముతుంది. పక్కటెముకలు ఎండు కంపల్లా ఒక్కొక్కటే విరుగుతాయి. ఆ శబ్దం అయ్యేదాకా ఆగి, రోడ్డెక్కి, "నూట నాలుగు," అంటుంది గట్టిగా.

విన్న ప్రతివాడికీ దగ్గు తెర పట్టుకుంటుంది. బస్సు కండక్టరు మెట్టు మీద కూలబడి నోరు తెరుస్తాడు. దవడ కీలు పటుక్కుమంటుంది. తడితడిగా, బూడిద రంగులో, పిల్లి అంత దూడ ఒకటి అతని నోట్లోంచి రోడ్డు మీద పడి, వణికే కాళ్ల మీద లేచి, "ఒకటి," అంటుంది. బడ్డీకొట్టు ఆవిడ నోట్లోంచి పడింది "మూడు" అంటుంది. బడిపిల్లల నోళ్లలోంచి పడినవి ఇంకా లెక్కపెట్టలేవు.

దాని వెనకే నూకరత్నంతో బయటికొచ్చిన సన్యాసయ్య రోడ్డు పక్క చతికిలబడి గుండె పట్టుకున్నాడు. ముఖం నల్లబడింది.

"నాది రాట్లేదు గుంటా. లోపలేటో అడ్డం తిరిగింది."

నూకరత్నం ఓణీ బొడ్లో దోపుకుంటుంది. ఊళ్లో గేదెలు ఈనేటప్పుడు దగ్గరుండి చూసింది. ఇది వేరే సంగతేమీ కాదు. అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, పళ్ల మధ్యనుంచి చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి, వెతికి, అడ్డం ఉన్నదాన్ని మెల్లగా తిప్పుతుంది. పెదాల మధ్య రెండు గిట్టలు కనబడతాయి. చిన్నవి కావు. ఇరవై రెండేళ్లవి.

"ఊపిరి బిగబట్టకు బాబాయ్. తోయ్."

అతని పెదాల మూలలు చెవి ఉన్న వైపుకూ, లేని వైపుకూ చీలుతాయి. ఆమె ఒక పాదం అతని గుండె మీద ఆనించి, గిట్టలు రెండు చేతులా పట్టి లాగుతుంది. ఇంకా బయటపడకముందే అది లోపలినుంచి తన అంకె చెప్పడం మొదలుపెడుతుంది. నూకరత్నం లాగుతూ వింటుంది. అంకె పొడుగ్గా ఉంది. దూడ భుజాల దాకా వచ్చింది, ఇంకా చెబుతూనే ఉంది.