వంతు కర్ర

కోనకిందపల్లెలో పొద్దున్నే తలుపు తీయగానే అందరూ ముందు గడప పక్కకు చూసేవాళ్ళు, కర్ర వచ్చిందేమోనని. వచ్చి ఉంటే ఆ రోజు అడివి కాపలా ఆ ఇంటిది. రాకపోతే వాకిట్లో పేడనీళ్ళు చల్లుకుని తమ పని తాము చూసుకునేవాళ్ళు.

నిలువెత్తు ఎర్రచందనం కర్ర అది. ఎప్పుడో గాలివానకు పడిన మానులోంచి తాతలు చేసింది. వాళ్ళ చేతుల చెమటకు నున్నబడి నేరేడుపండు రంగుకు తిరిగింది. ఒక ఇంటి వంతు తీరితే తెల్లారేసరికి అదే నడిచి పక్కింటికి పోయేది. ఇరవై ఎనిమిది ఇళ్ళలో ఒక్క గడపను తప్పించేది కాదు. కాపలా ఎగ్గొడితే మాత్రం కదిలేది కాదు. ఊరిపెద్ద గోవిందస్వామి ఒకసారి బద్ధకించి దాన్ని పొరుగువాడి వాకిట్లో పెట్టి వచ్చాడు. మర్నాడు అది ఆయన మంచం పక్కనే నిలబడి ఉంది. దేవుణ్ణయినా ఏమార్చవచ్చు గానీ కర్రను ఏమార్చలేమని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు.

కాపలా అంటే కర్ర పట్టుకుని పొద్దుగూకేదాకా తిరగడమే. పచ్చిమాను మీద గొడ్డలి పడకూడదు, ఎవడో చుట్ట తాగి పారేసిన నిప్పు గడ్డికి అంటకూడదు. మాఘంలో ఊరంతా కలిసి కొండ నడుమ బోదగడ్డి చెక్కి, బండిబాటంత వెడల్పున నేల బోడి చేసేవాళ్ళు. ఎక్కడ నిప్పు పుట్టినా అక్కడికి వచ్చి ఆగిపోయేది.

డెబ్బై తొమ్మిదిలో కొండ మొదట్లో రిజర్వు ఫారెస్టని బోర్డు పాతారు. పక్కనే ఒక గది క్వార్టరు కట్టి సుదర్శనం అనే గార్డును పెట్టారు. తిరుపతి మనిషి. నుదుట సన్నగా తిరుచూర్ణం, కాళ్ళకు కొత్త బూట్లు. చెడ్డవాడనడానికి లేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేసే రకం, అలాంటివాడితో వేగడం ఇంకా కష్టం.

"ఇకమీదట ఊరి మనిషి అడివిలో కాలు పెడితే కేసే," అన్నాడతను. ఆ మాఘంలో ఎవరూ గడ్డి చెక్కలేదు.

కర్రకు మాత్రం చదువు రాదు. గార్డు కంటపడకుండా ఒక్కొక్కరూ వంతు తీర్చుకుంటుంటే, బోర్డు పాతిన నెలకు అది తన మానాన కుప్పయ్య గడపకు వచ్చింది. అతని పెళ్ళాం నాగులమ్మ పోవద్దని చెయ్యి పట్టుకుంది.

"వంతు మే. పోకుంటే ఎట్ల?" అని తలగుడ్డ చుట్టుకుని బయలుదేరాడు కుప్పయ్య.

సగం కొండ ఎక్కకముందే సుదర్శనం పట్టుకున్నాడు. చేతిలో ఎర్రచందనం ఉంది, ఇంకేం కావాలి? దుంగయినా కర్రయినా చట్టానికి ఒకటే. కుప్పయ్య చేతిలోంచి కర్రను లాక్కున్నాడు. కర్రను ఎవరు లాక్కుంటే వంతు వాళ్ళదైపోతుందని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. సుదర్శనానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

కుప్పయ్యను టౌనులో సబ్ జైల్లో పెట్టారు. కర్రకు సీలు వేసి, సాక్ష్యమని జీపులో కోర్టుకు పంపారు. మర్నాడు అది సుదర్శనం గడప పక్కన నిలబడి ఉంది. మళ్ళీ పంపారు, మళ్ళీ వచ్చింది. సాక్ష్యం లేనిదే విచారణ లేదని కోర్టువాళ్ళు వాయిదా మీద వాయిదా వేశారు. మూడో వాయిదాకు పోయినప్పుడు కుప్పయ్య దగ్గి తుండుగుడ్డతో మూతి తుడుచుకున్నాడు. గుడ్డ మీద నెత్తురు కనబడింది నాగులమ్మకు.

ఆమె బస్సు దిగి నేరుగా గార్డు క్వార్టరుకు పోయింది. సుదర్శనం భార్య కల్యాణవల్లి ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

"సామీ, కర్ర మీ గడపలో ఉండాది. వంతు మీది," అంది నాగులమ్మ సుదర్శనంతో. "దాన్ని పట్టుకోని ఒక్క పొద్దు కొండ తిరిగి రాండి. అది మా ఊళ్ళోకి వచ్చేస్తాది. సాక్ష్యం పోయిందని మీరు రాసేస్తే మా ఆయప్పను వదిలేస్తారు. ఇంకో వాయిదా అంటే మనిషి బతకడు సామీ."

"సీలు వేసిన సాక్ష్యం పట్టుకుని కొండలు తిరగమంటావా? పైగా పోయిందని దొంగరాత రాయమంటావా? నా ఉద్యోగం ఊడిపోతుందమ్మా."

"పోయి రారాదూ, ఒక్క రోజే కదా," అంది కల్యాణవల్లి మెల్లగా. అతను వినలేదు.

నాగులమ్మ మజ్జిగ తాగకుండానే లేచి వచ్చేసింది.

చైత్రంలో ఒక మిట్టమధ్యాహ్నం కొండ మీద పొగ లేచింది. చెక్కని గడ్డి నడుము ఎత్తున ఎండి ఉంది. ఎవరు అంటించారో, ఎలా అంటిందో తెలియదు. సుదర్శనం పరుగున ఊళ్ళోకి వచ్చాడు. జనం అప్పటికే వాకిళ్ళలో నిలబడి చూస్తున్నారు.

"రండయ్యా! అడివి తగలబడిపోతోంది!"

"కాలు పెడితే కేసన్నారు గదా సార్," అన్నాడు గోవిందస్వామి. ఆ మాట అన్నాడే గానీ ఆయన చూపు పొగ మీదే ఉంది. తాను ముప్పై ఏళ్ళు కాచిన అడివి అది.

సుదర్శనం క్వార్టరుకు పోయి చుట్టూ చూశాడు. మంట కొట్టడానికి ఇంకేమీ కనబడక గడప పక్కనున్న కర్రను అందుకుని, సీలు తెంపేశాడు. కొండ మొదట్లో దారి రెండుగా చీలుతుంది. ఎడమది కోనలోంచి, కుడిది బండ మీదుగా. అక్కడే నాగులమ్మ నిలబడి ఉంది.

"ఏ పక్క పోవాలమ్మా?" అన్నాడు సుదర్శనం ఆయాసపడుతూ.

మధ్యాహ్నం తిరిగితే గాలి కోనలోకి దిగుతుందని, మంటను వెంటేసుకుని దిగుతుందని ఆమెకు తెలుసు. బండ మీద గడ్డి ఉండదనీ తెలుసు. నోటిదాకా వచ్చింది. అంతలో తుండుగుడ్డ మీది నెత్తురు కళ్ళలో మెదిలింది.

"మమ్మల్ని అడివిలోకి రావద్దన్నారు గదా. నాకేం తెలుసు సామీ," అంది.

సుదర్శనం ఎడమకు పోయాడు.

మర్నాడు పొద్దున కర్ర నాగులమ్మ గడప పక్కన ఉంది, కొస కాలి బొగ్గయి. దాన్ని చూడగానే గార్డు వంతు తీరిందని ఊరికి అర్థమైంది. మగవాళ్ళు కోనలోకి పోయి అతన్ని దుప్పట్లో మోసుకొచ్చారు. ఆ సాయంత్రమే కల్యాణవల్లి శవంతో పాటు జీపెక్కింది. ఊళ్ళో ఎవరి మొహమూ చూడలేదు.

సాక్షీ లేడు, సాక్ష్యమూ లేదు. వచ్చే వాయిదాకు కేసు కొట్టేశారు. ఇంకో పెద్ద ఆఫీసరు వచ్చి, కాలిన కొండను చూసి తల పట్టుకుని, కాపలా మునుపటిలాగే మీరే చూసుకోండని చెప్పిపోయాడు. అదేదో మాఘానికి ముందే చెప్పి ఉంటే సరిపోయేది.

లెక్క ప్రకారం కర్ర పక్కింటి గోవిందస్వామి గడపకు పోవాలి. కుప్పయ్య వంతు సగంలో ఆగింది కదా, అందుకే వాళ్ళింటి దగ్గర ఉందని ఊరు సరిపెట్టుకుంది. కుప్పయ్య జైలు నుంచి వచ్చిన మర్నాడే, దగ్గుతూ, కర్ర తీసుకుని పొద్దంతా మసి కొండ తిరిగి వచ్చాడు. తెల్లారి చూస్తే కర్ర అక్కడే ఉంది. మళ్ళీ పోయాడు. మూడో రోజూ అంతే.

"నా వంతు తీరిపోయింది మే. మనింట్లో ఇంకెవురిది?" అన్నాడు నాలుగో పొద్దున, గడపలో నిలబడి.

నాగులమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. ఎవరికీ చెప్పకూడదనుకున్న మాట మొగుడికి చెప్పేసింది.

"ఆయప్ప దావ అడిగినాడు. నాకు తెలుసు. సెప్పలేదు."

కుప్పయ్య చేతిలో ఉన్న కర్రను మళ్ళీ గోడకు ఆనించి, పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు.

ఆమె కొంగు బిగించి కర్ర అందుకుంది. చీలిక దగ్గర ఎడమకు తిరిగి, కోనంతా నడిచి, పొద్దుగూకాక ఇల్లు చేరింది.

మర్నాడు తలుపు తీస్తే కర్ర అక్కడే ఉంది. ఆమె మళ్ళీ కోన తిరిగి వచ్చింది, ఆ మర్నాడూ ఉంది. కొండ మీద గడ్డి మొలిచింది, చందనం మోళ్ళు చిగిర్చాయి, కొత్త మానులు మనిషెత్తు దాటాయి. అది మాత్రం ఇంకో గడపకు పోలేదు.