ఎత్తే చేతులు

బాస్కెట్‌బాల్ ఆట సగంలో ఆగినప్పుడు కోర్టు మాది. ఆ కాసేపట్లో మేం ట్వైలాను గాల్లోకి విసిరి పట్టుకోవాలి. ఎడమ పాదం నా చేతుల్లో, కుడి పాదం కొరిన్ చేతుల్లో.

మా కెంటకీ కొండల్లో ఆటగాళ్లను హుషారెక్కించే చీర్ జట్టంటే ఇంటింటి సంగతి. ట్వైలా నాయనమ్మ మర్టిల్ ముందు వరుసలో కూర్చుని పక్కావిడతో చెబుతోంది.

"మా రోజుల్లో నేల మీద నిలబడి రేకు గొట్టంలో అరవడమే. మాకు ముందు అదీ మగపిల్లలదే. ఇప్పుడు చూడు, నా మనవరాలు దీపాలకు తగిలేలా ఎగురుతుంది."

ట్వైలా ఎగిరింది. దిగేటప్పుడు వంకరగా వచ్చింది. ఆమె మడమ నా చేతికి తగిలి జారిపోయింది. మెడ నేలకు కొట్టుకునేలా పడింది.

మా విన్యాసాలకు పెట్టిన పాట ఆగలేదు. ఏం జరిగినా పాట అయ్యేదాకా ఆగకూడదు, నవ్వు చెరగకూడదు. మాకు మొదట నేర్పేది అదే. మిగతా పిల్లలు ఆమెను తప్పుకుంటూ ఆడుతూనే ఉన్నారు. ట్వైలా వెల్లకిలా పడి నవ్వుతూనే ఉంది. జనం అదీ విన్యాసమే అనుకుని చప్పట్లు కొట్టారు. మర్టిల్ కూడా కొట్టింది.

నేను పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. "లేవవే."

"లేస్తున్నాగా," అంది. ఆమెలో ఏదీ కదల్లేదు.

అప్పటికే కొరిన్ అవతల వంగి ఆమె వీపు కిందకు చేతులు పోనిస్తోంది. కింద పడ్డదాన్ని వెంటనే పైకెత్తి జనానికి చూపించడం మా అలవాటు.

"ఎత్తకు."

"పిచ్చా నీకు? అందరూ చూస్తున్నారు. పట్టు, ఒక్క ఊపులో లేపేద్దాం."

కొరిన్ మణికట్లు పట్టి లాగేశాను. "ఇక్కడే కూర్చో. ఎవర్నీ ముట్టుకోనివ్వకు," అని పరిగెత్తాను.

దెబ్బలు చూసే గారెట్ గారు బెంచీ దగ్గర ఓ ఆటగాడి మోకాలికి మంచు పెడుతున్నారు.

"ట్వైలా పడిపోయిందండీ. రండి."

"మీ టీచరుకి చెప్పమ్మా. నన్ను పెట్టింది ఆటలవాళ్లకి. చీర్ ఆటల్లోకి రాదు కదా."

కసురుకోలేదు. ఎవరికో దారి చెప్పినట్టు మామూలుగా చెప్పారు. మేం నేల విడిచి ఇన్నేళ్లయినా ఆయన లెక్కలో ఇంకా రేకు గొట్టాల దగ్గరే ఉన్నాం.

"లేస్తున్నానంటోందండీ. లేవడం లేదు."

మంచు సంచి ఆటగాడి ఒళ్లో పడేసి ఆయన నాకంటే ముందు పరిగెత్తారు.

ట్వైలా తల కదలకుండా నన్ను రెండు చేతులతో పట్టుకోమన్నారు. ఎవరో అంబులెన్సుకు ఫోను చేయడానికి వెళ్లారు. రిఫరీ బంతి చంకలో పెట్టుకుని వచ్చాడు.

"పిల్లను కాస్త పక్కకి జరుపుతారా? రెండో సగం మొదలెట్టాలి."

"మొదలెట్టరు," అన్నారు గారెట్ గారు, తలెత్తకుండానే.

మర్టిల్ మెట్లు దిగి వచ్చి నిలబడింది. ఆయన ట్వైలా కుడి చేతి బొటనవేలిని గోరు తెల్లబడేలా నొక్కారు. "తెలుస్తోందా?"

"ఎప్పుడు నొక్కుతారు?" అంది ట్వైలా.

మర్టిల్ అక్కడే కూలబడింది. ఆయన ఒక్కో వేలు నొక్కుకుంటూ ఎడమ చేతి చిటికెన వేలికి వచ్చారు.

"అబ్బ, గోరు గుచ్చుతున్నారండీ."

ఆయన మళ్లీ అక్కడే నొక్కారు.

"చెప్పాగా, నొప్పి."

అంబులెన్సు వాళ్లు లోపలికి వచ్చినా ఆయన ఆ ఒక్క వేలు వదల్లేదు.