ఎదురుకాళ్ల కోడలు

శివమ్మ కోడలిని కాళ్లు చూసి తెచ్చుకుంది. నిర్మల తల్లి కడుపులోంచి తల బదులు పాదాలు ముందు పెట్టి వచ్చిన పిల్ల. అలా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే పట్టేసిన నడుం వదులుతుందని శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. శివమ్మది నాట్లేసి నాట్లేసి అరిగిపోయిన నడుం. అలాంటి కాలొకటి ఇంట్లోనే ఉంటే ఇంకొకరి గడప తొక్కే పని ఉండదని ఆమె ఆలోచన. పెళ్లిచూపుల్లో పిల్లను పాట పాడమనలేదు, వంట వచ్చా అని అడగలేదు. పక్కగదిలోకి తీసుకుపోయి, బోర్లా పడుకుని, "ఏదీ, జర తన్ను బిడ్డా," అంది.

పెళ్లయ్యాక ఆదివారం వచ్చిందంటే వాకిట్లో జనమే. కాటేదాన్‌లో బస్తాలు మోసే ముత్తయ్య దగ్గర్నుంచి విమానాశ్రయంలో నేల తుడిచే రాములమ్మ దాకా అందరూ వచ్చి గడపకు అడ్డంగా బోర్లా పడుకునేవారు. నిర్మల కుడికాలితో మూడు తన్నులు తన్నేది. వాళ్లు తెచ్చిన గుడ్లూ సొరకాయలూ శివమ్మ లోపల పెట్టేది. శివమ్మ మాటకు ఊళ్లో ఎదురులేకుండా పోయింది. నడుం నొప్పి ఎప్పుడు ఎవరికి వస్తుందో తెలియదు కదా, ఆమెతో తగువెందుకని అందరికీ భయం.

విమానాశ్రయం మొదలైన నాలుగో ఏడు ఆ కాలే మొద్దుబారింది. మొదట చెప్పు జారిపోయినా తెలియలేదు. తర్వాత ఒక కన్ను మసకబారింది. పట్నంలో పెద్ద దవాఖానలో స్కానింగ్ తీసి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. నరాల మీది పొర ఊడిపోతోందనీ, పూర్తిగా నయం కాదనీ, ఉన్న బలాన్ని కాపాడుకోవాలనీ చెప్పారు. కాలు ఈడ్చి ఈడ్చి నడిచేసరికి నిర్మలకు నడుం నొప్పి పట్టుకుంది. తన్నడానికి కాలు లేవక ఆదివారం తన్నులు ఆగిపోయాయి. ఊరు నవ్వింది. ఊరందరి నడుములూ బాగుచేసిన పిల్ల గోడ పట్టుకుని దొడ్లోకి పోతుంటే నవ్వక ఏం చేస్తుంది?

శివమ్మ నవ్వలేదు. "దాని పేరు నాకు నోరు తిరగదు గని, పని తప్పించుకునే రోగమని మాత్రం తెల్సు," అంది. అత్త మంచి, వేముల తీపు లేవని పెద్దలు ఊరికే అనలేదు.

శంషాబాద్ బస్టాండు వెనక చిన్న క్లినిక్‌లో వ్యాయామాలు చేయించే జయశీల ఒక్కతే నిర్మల చెప్పింది మొత్తం విన్నది. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, నడుం నేలకు అదిమించింది. నడుం మెల్లగా పైకెత్తడం, ఒక్కో మోకాలిని పొట్ట దాకా లాక్కోవడం, కాలు చాచి జానెడు లేపి దించడం నేర్పింది.

"ఎండ ముదరకముందే చెయ్యాలె. ఒళ్లు వేడెక్కితే నీ నరాలు మొండికేస్తయ్. కాలు వణికిందంటే ఆపెయ్. నీ దగ్గరున్న బలం చారెడే నిర్మలా, మందికి పంచితే నీకు మిగలదు," అంది.

"గిట్ల చేస్తే నడుస్తనా అక్కా?"

"నడుం నిలబెట్టుకుంటే ఉన్న నడక ఉంటది. నడుం పోయి మంచాన పడ్డవనుకో, మళ్ల లేచుడు మస్తు కష్టం."

నిర్మలకు కావలసింది ఆ ఉన్న నడకే. దొడ్లోకి తన కాళ్ల మీద తాను పోయి రావాలి, అంతే. మొగుడు శేఖర్ విమానాశ్రయంలో ట్యాక్సీ నడిపేవాడు. ఒకసారి ఆమెను దొడ్లోకి ఎత్తుకుపోయి, దించి, ముక్కు మూసుకుని గోడకేసి తిరిగి నిలబడ్డాడు. చచ్చినా మళ్లీ ఆ చేతుల మీద పోకూడదనుకుంది. అందుకే తెల్లారగట్ల విమానాలు ఇంటి రేకుల్ని అదరగొడుతుంటే లేచి చాప పరిచేది. చలికాలం దాటేసరికి నొప్పి సగానికి సగం తగ్గింది. గోడ పట్టుకోకుండా దొడ్లోకి పోయి వచ్చిన రోజున వంటింట్లో కూర్చుని, ఎవరికీ వినపడకుండా ఏడ్చింది. అంత సంతోషం ఆమెకు పెళ్లినాడు కూడా లేదు.

ఆ వ్యాయామాలే కొంప ముంచాయి. ఒకనాడు శివమ్మ తలుపు సందులోంచి చూసింది. చాప మీద కోడలి కుడికాలు మెల్లగా లేస్తోంది, దిగుతోంది.

"ఓసి దొంగదానా! నా నడుం ఇరుగుతాంటే కాలు లేవదంటివి. చాప మీద గిట్లెట్ల లేస్తున్నదే?"

"పండుకుంటే లేస్తది అత్తమ్మా. నిలబడి తంతే పడిపోత. తన్నుడు వద్దని జయశీలక్క చెప్పింది."

"కాలు ఆమెదా ఏంది, చెప్పనీకి?"

ఆదివారానికి ఊరంతా తెలిసింది. నడివేసవి. ఎండ వాకిట్లోకి దిగేసరికి పదిమందీ చేరారు. నిర్మల చేతులు జోడించి వద్దంది. ట్యాక్సీ కడుగుతున్న శేఖర్ తల కూడా ఎత్తలేదు.

"పొద్దుగాల ఊకె కాలు ఊపుతనే ఉంటవు గద. మందికి ఊపితే అరుగుతదా? పుణ్యమొస్తది," అన్నాడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. తలుపు పట్టుకుని నిర్మల ముత్తయ్యను తన్నింది. రాములమ్మను తన్నింది. నడుంలో మొదట చురుక్కుమంది, తర్వాత మంట మొదలైంది. ఎండకు కన్ను మసకేసింది. కాలు వణుకుతోంది. ఆపేయాలని ఆమెకు తెలుసు, ఆపనిచ్చేవాళ్లు లేరు. తన్ను తిన్నవాళ్లు నడుం తిప్పి చూసుకుని, "సల్లగుండు బిడ్డా" అని దీవించి పోతున్నారు. అందరూ అయ్యాక శివమ్మ కొంగు బిగించి గడప దగ్గర పడుకుంది.

కాలు లేవలేదు.

"మందికి లేచిన కాలు నాకు లేవదా? తన్నవే!"

"లేస్తలేదు అత్తమ్మా. నీ కాళ్లు మొక్కుత, ఇడిసిపెట్టు."

అప్పుడు శేఖర్ వచ్చాడు. వెనకనుంచి భార్య చంకల కింద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో ఆమె మోకాలి కింద పట్టుకుని, రోకలి ఎత్తినట్టు కాలు ఎత్తి తల్లి నడుం మీద వేశాడు. మూడుసార్లూ వేసి, పని అయిపోయింది గనక వదిలేశాడు. నిర్మల గడప అంచు మీద వెల్లకిలా పడింది. శివమ్మ లేచి నడుం అటూ ఇటూ తిప్పి, "ఇగ పానం నిమ్మళమైంది," అంది.

దెబ్బ తిన్న నడుంతో నిర్మల వారాల తరబడి మంచం దిగలేదు. చలికాలమంతా చారెడు చారెడుగా కూడబెట్టిన బలం ఆ మంచంలోనే కరిగిపోయింది. ఆ పైన రోగం ఇంకోసారి తిరగబెట్టి రెండో కాలినీ పట్టుకుంది. జయశీల ఇంటికి వచ్చి కాళ్లు రెండూ వంచి చూసింది. తల్లీకొడుకులను దగ్గరికి పిలిచి, ఎలా చేయాలో చేసి చూపించింది.

"ఆమె అంతట ఆమెకు కాదు ఇప్పుడు. పొద్దుగాల, సాయంత్రం ఎవలన్న మోకాలు పట్టి మెల్లగ పొట్ట దాక వంచాలె, మళ్ల చాపాలె. లేకుంటే కాళ్లు బిగుసుకపోతయ్, నడుం నొప్పి పానం తోడేస్తది. జరసేపటి పనే."

"నాకు డ్యూటీ ఉంటది," అన్నాడు శేఖర్.

"నాతోని యాడయితది?" అంది శివమ్మ. "గంత బరువు లేపితే నా నడుం మళ్ల పట్టుకుంటది."

ఆదివారం మాత్రం శివమ్మకు ఎక్కడలేని బలం వస్తుంది. పొద్దున్నే తల్లీకొడుకులు నిర్మల మంచాన్ని గడప దాకా లాగుతారు. వచ్చినవాళ్లు మంచం పక్కన నేల మీద పడుకుంటారు. శివమ్మ కోడలి మడమ ఒక చేత్తో, పిక్క ఇంకో చేత్తో పట్టుకుని ఎత్తి వాళ్ల నడుం మీద వేస్తుంది. ఎంతమంది వచ్చినా అలిసిపోదు. వద్దనే నోటిని పట్టించుకునే పని లేకపోయాక, కాలు వెనకటి కంటే బాగా పనిచేస్తోందని పేరు వచ్చింది. కొత్తూరు నుంచి కూడా వస్తున్నారు.

మొన్న రాములమ్మ తన్ను తిని లేస్తుంటే నిర్మల ఆమె కొంగు పట్టుకుంది.

"అక్కా, నా నడుం ఇరుగుతున్నది. నా మోకాలు జర పొట్ట దాక వంచవా? ఒక్కపారి."

రాములమ్మకు జాలి వేసింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

"ఇప్పుడే తగ్గింది బిడ్డా. వంగితే మళ్ల పట్టుకుంటది," అని మెల్లగా కొంగు విడిపించుకుంది.

వెనక మనిషి అప్పటికే బోర్లా పడుకుని ఉన్నాడు. శివమ్మ కాలు ఎత్తింది.