పటం మీద ఎర్ర మొన

నేను ఒక అంకుడు కర్రను. ఏటికొప్పాకలో నన్ను నున్నగా చెక్కి, మొనకు ఎర్ర లక్క పూశారు. నాతో పుట్టినవాళ్లు బొమ్మలై పిల్లల చేతుల్లో పడ్డారు. నేను ప్రొఫెసర్ శేషవల్లి చేతిలో పడి, పటాల మీద ఊళ్లు చూపించడం నేర్చుకున్నాను.

నగరాలకూ ఓ ఆర్థికశాస్త్రం ఉందని ఆవిడ అంటే తోటి ఆచార్యులు నవ్విన రోజులవి. "సంతలో బేరమాడే ఆడవాళ్లంతా శాస్త్రజ్ఞులేనా?" అన్నారు. ఆవిడ నన్ను విశాఖ పటం మీద ఆనించి, నడిబొడ్డున నేల బంగారమని, దాన్ని చిన్న పనులకు వాడితే ఊరు ఎదగదని చెప్పింది. నవ్విన నాపచేనే పండింది. నవ్వినవాళ్లే శాలువాలు కప్పారు. ఆ తర్వాత నేను ఎక్కడ ఆగితే అక్కడికి బుల్డోజరు వెళ్లేది. నాకు గర్వంగానే ఉండేది.

ఒకసారి రేవు పక్క బస్తీ మీద ఆగాను. చేపలమ్ముకునే పోలమ్మ మీటింగు గదిలోకి చొరబడింది.

"ఊరవతలకి తోలేత్తే మేమెలా బతికేదమ్మా?"

"బస్సు వేయిస్తున్నాం కదా," అంది శేషవల్లి, పటం మీంచి తలెత్తకుండా.

"సేపల గంపని బస్సెక్కనిత్తారా తల్లీ? కంపని దింపేత్తారు."

దూరం, ఛార్జీ అన్నీ లెక్కగట్టిన ఆవిడకు వాసన తట్టలేదు. తట్టాక కూడా లెక్క మార్చలేదు. బస్తీ పోయింది. పోలమ్మ కొన్నాళ్లు రేవుకు నడిచి వెళ్లి గంప మోసింది, ఒక వేసవిలో దారిలోనే పడి చచ్చిపోయింది. శేషవల్లికి ఆ ఏడే పెద్ద బిరుదు వచ్చింది.

తర్వాత ఆవిడ నన్ను ప్రియశిష్యుడు జోగారావుకు కానుకగా ఇచ్చింది. అతను పెద్ద అధికారి అయ్యేసరికి ఆవిడ కాళ్లు చచ్చుబడ్డాయి, కిడ్నీలు పోయాయి. రోజు విడిచి రోజు డయాలసిస్. ఆసుపత్రి వీధి చివరే కాబట్టి బతుకుతోంది. రోడ్డు వెడల్పు కోసం జోగారావు నన్ను పటం మీద ఆనించిన చోట ఆవిడ ఇల్లుంది.

చక్రాల కుర్చీలో వచ్చింది. "ఊరవతలకి పంపిస్తే నేనెలా బతకాలి, జోగారావూ?"

"బస్సు ఉంది కదా, మేడమ్."

"ఈ కుర్చీని బస్సెక్కనివ్వరయ్యా."

జోగారావు తలెత్తలేదు. మంచి శిష్యుడు.

ఆవిడ చెయ్యి చాచి నన్ను జరపబోయింది. అతను నన్ను ఇంకాస్త గట్టిగా అదిమాడు.

ఊరవతల ఆవిడ నెల తిరక్కుండానే పోయింది. ఇల్లున్న చోట ఇప్పుడు బస్టాపు కట్టారు. గురుభక్తితో జోగారావు దానికి ఆవిడ పేరే పెట్టించాడు. ఆ పేరు మీది తెరను నా ఎర్ర మొనతోనే తొలగించాడు.